దబ్బనము, అల్లికసూది
నారమిల్లుల ఊళ్లకు వలసపోయిన స్త్రీల చరిత్ర

రాయపూరు నుంచి బిలాసపూరుకు పోయే రైలుమార్గం మీద తిల్దా అనే ఊరున్నది. చుట్టూ వరిపొలాలు, ఊరినిండా బియ్యపు మిల్లులు. ఛత్తీసుగఢ సీమను ధాన్యపు గిన్నె అని చెప్పుకోవడం అక్కడివారికి వాడుక. తిల్దా మిల్లుల ముంగిళ్లలో మేటలుగా పేర్చిన బస్తాలను చూచినవారికి ఆ మాట అతిశయోక్తిగా తోచదు. అయితే బస్తాలో ఏమున్నదని అడిగేవారే గాని, బస్తాను ఎవరు నేసినారు, దాని అంచులు ఎవరు కుట్టినారు అని అడిగేవారు కనబడరు. 1987 నాటి చట్టం ప్రకారం ఆహారధాన్యాలను జనపనార సంచులలో నింపవలెను గనుక, దేశంలో ఎక్కడ వరి పండినా దాని పక్కన హుగ్లీ నది ఒడ్డున తయారైన గోనె నిలుస్తున్నది.

గోనె అన్నది మనకు చాలా పాతమాట. సంస్కృతంలోని గోణీ శబ్దానికి అది తద్భవం. ఇంగ్లీషువారు వాడే గన్నీ కూడా ఆ మూలం నుంచి పోయినదే. మాట మనది కావడంతో కథ ముగియలేదు. చాలాకాలం దానిని కుట్టిన చేతులు కూడా మనవే. కలకత్తాకు ఎగువన హుగ్లీకి రెండు దరులా వెలసిన జనపనార మిల్లులలో పనిచేసిన ఆడువారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారున్నారు; బిలాసపూరు, రాయపూరు సీమల ఛత్తీసుగఢీలున్నారు. మిల్లులో మొదటివారిని మద్రాసీలన్నారు, రెండవవారిని బిలాసపురీలన్నారు. రెండూ దూరంనుంచి పెట్టిన పేర్లే. మద్రాసు నగరం ముఖం ఎరుగని బొబ్బిలి తాలూకా స్త్రీ టిటాగఢ్‌లో దిగగానే మద్రాసీ అయిపోయినది.

ఈ మిల్లుల చరిత్ర తెలుగునాటనుంచిగాని వంగదేశంనుంచిగాని మొదలుపెడితే సగమే తెలుస్తుంది. మిగిలిన సగం స్కాట్లండులో, టే నది సాగరంలో కలిసేచోట, డండీ అనే ఊరిలో ఉన్నది. డండీ పూర్వం అవిసెనార బట్టల ఊరు. ఉత్తర సముద్రాలకు తిమింగలాల వేటకు పోయే ఓడల రేవు కూడా అదే. బంగాళంనుంచి వచ్చిన జనపనార యంత్రానికి లొంగని మొండినార, పెళుసుబారి తెగిపోయేది. తిమింగలపు నూనెతో, నీటితో తడిపితే అది మెత్తబడి వడుకుడుకు వస్తుందని 1830లలో డండీవారు కనిపెట్టినారు. అంతటితో ఊరి జాతకం మారినది. క్రిమియా యుద్ధం, దాని వెనుక అమెరికా అంతర్యుద్ధం వచ్చి గోనెకు, గుడారపు బట్టకు ఎక్కడలేని గిరాకీ తెచ్చినవి. లాకీ అనే పేటలో కాక్స్ సోదరుల కాంపర్‌డౌన్ మిల్లు లోకంలోనే పెద్ద నారమిల్లులలో ఒకటిగా పెరిగింది. 1865, 66 ప్రాంతాలలో దానికి కట్టిన పొగగొట్టం ఇప్పటికీ నిలిచి ఉన్నది.

ఆ పొగగొట్టం నీడలో కాపురమున్నవారిలో చాలామంది స్కాట్లండువారు కారు. వారు ఐర్లండునుంచి వచ్చినవారు. లాకీ పేటకు చిన్న టిప్పరేరీ అని పేరు పడినది. టిప్పరేరీ ఐర్లండులోని ఒక జిల్లా. 1851 జనాభా లెక్కల నాటికి డండీలో దాదాపు అయిదుగురిలో ఒకరు ఐర్లండులో పుట్టినవారే. వారిలో మగవారికన్న ఆడువారే ఎక్కువ. సాధారణంగా వలస అనగానే మగవాడు ముందు పోవడం, కాలు నిలదొక్కుకున్న తరువాత ఆడువారిని పిలిపించుకోవడం అని మనం అనుకుంటాము. డండీలో వరుస వేరు. అక్కడి మిల్లులకు కావలసినది చౌకగా పనిచేసే ఆడువారి చేతులు. కూలివారిలో ముప్పాతికవంతు స్త్రీలు. పదునెనిమిదేండ్లు రాగానే పెద్దవాని కూలి ఇవ్వవలసి వస్తుందని కుర్రవాండ్రను తీసివేయడం మిల్లులకు అలవాటు. పనిలేక ఇంటిపట్టున ఉండే మగవారికి ఊరిలో ఒక ఎకసెక్కపు పేరు ఉండేది, తేనీటి కెటిలు కాచేవారని. భార్య మిల్లు కూతకు లేచి పోవడం, భర్త పొయ్యి రాజవేయడం ఆ ఊరివారికి వింత కాలేదు.

ఎందుకు వచ్చినారు వీరంతా? 1845లో ఐర్లండు బంగాళాదుంప పైరుకు తెగులు తగిలింది. తరువాతి నాలుగైదేండ్లలో దాదాపు పది లక్షలమంది చచ్చిపోయినారు. ఇంచుమించు అంతమంది దేశం విడిచినారు. 1841లో సుమారు 82 లక్షలుగా ఉన్న జనాభా 1851 నాటికి 65 లక్షల పైచిల్లరకు దిగింది. ఇది అందరూ చెప్పే కారణం, నిజమైన కారణమే. కాని డండీకి వచ్చినవారి విషయంలో దానికన్న ముందే మొదలైన మరొక కారణం ఉన్నది. ఐర్లండు ఉత్తరభాగపు జిల్లాలలో ఆడువారు ఇంటివద్ద రాట్నంమీద అవిసెనార వడికి కౌలు కట్టుకొనేవారు. 1820ల చివరనుంచి యంత్రపు నూలు వచ్చి ఆ రాట్నాలను మూలకు నెట్టినది. నారను వేళ్లతో ఎరిగిన ఆడువారు, రాట్నం ఆగిపోగానే, నార ఉన్నచోటికి నడిచిపోయినారు. కరువు వారిని తరిమిందన్నమాట సరే. దారి చూపినది మాత్రం వారి చేతిపని. వలసల చరిత్ర వ్రాసేవారు తరచు మొదటిదానిని చెప్పి రెండవదానిని వదలివేస్తారు. ఆకలి గలవాడు ఎటైనా పోతాడనుకోవడం ఆకలి ఎరుగనివారి ఊహ. ఆకలి గలవాడు తనకు చేతనైన పని ఉన్న దిక్కుకు పోతాడు.

ఐర్లండులోనే ఉండిపోయిన ఆడువారి చేతికి మరొక పని వచ్చినది. అది మేజోళ్లు అల్లడం. పశ్చిమ తీరాన డానెగాల్ జిల్లాలో, రాళ్లూ బురదా తప్ప మరేమీ పండని ఊళ్లలో, వర్తకుడు ఊలు ఇచ్చేవాడు. ఆడువారు అల్లి తెచ్చేవారు. జతల లెక్కన కూలి. 1891లో ప్రభుత్వం పశ్చిమ ఐర్లండు పేద జిల్లాల ఉద్ధరణకని ఏర్పరచిన మండలి ఇటువంటి ఇంటిపనులను ప్రోత్సహించినది. చలి లేని మన కోస్తావారికి ఊలు మేజోడు అపురూపమైన వస్తువు గనుక, దానిని అల్లడంలోని కష్టం కొంచెం చెప్పవలసి ఉన్నది. మేజోడు చదునైన గుడ్డ కాదు, గొట్టం. మూడు సూదులమీద కళ్లను సమంగా పంచి నాలుగవ సూదితో చుట్టూ అల్లుకొని పోవాలి. పిక్కమీద బిగుతుగా నిలిచే గట్టి అంచు, దానికింద జంఘ, అంతవరకు ఎనిమిదేండ్ల పిల్ల కూడా చేయగలదు. చిక్కంతా మడమవద్ద. తిన్నగా కిందికి దిగే గొట్టాన్ని అక్కడ పక్కకు మళ్లించాలి. సగం కళ్లను పక్కన పెట్టి, తక్కిన సగంమీద ఒక రెక్క అల్లి, కళ్లను లెక్క తప్పకుండా తగ్గించుకుంటూ గిన్నెలా ఒంచి, మరల అంచులవెంట కళ్లను ఎత్తుకోవాలి. ఒక్క కన్ను తప్పితే మడమ వంకర. వంకరమడమ జోడుకు వర్తకుడు కూలి కోస్తాడు. మడమ తిప్పడం వచ్చినదంటే పిల్ల పనిలో పెద్దదైనట్లే. దీనిని గీసి చూపి నేర్పిన తల్లులు లేరు. తల్లి చేతిని చూచి పిల్ల చేయి నేర్చినది. పశువుల వెంట నడుస్తూ, సంతకు పోతూ కూడా అల్లడం ఆ సీమలో మామూలు దృశ్యం.

డానెగాల్‌లోని గ్లెంటీస్ ప్రాంతంలో పుట్టి కూలిపనులకు స్కాట్లండు పోయిన పాట్రిక్ మెగిల్ అనే రచయిత 1915లో దిరాట్‌పిట్ అనే నవల ప్రకటించినాడు. ఊలుకోసం వర్తకుని ఊరికి కాలినడకను పోయే ఆడువారితో ఆ కథ నడక మొదలుపెడుతుంది. అందులోని బాలిక పిమ్మట స్కాట్లండు బంగాళాదుంప చేలకూ, అక్కడినుంచి నగరానికీ చేరుకుంటుంది. నవలగా దానిలో లోపాలున్నవి. కన్నీటిని కొంచెం ధారాళంగానే పోసినాడు రచయిత. ఐనా ఊలు తూచి ఇచ్చే వర్తకుని అంగడిని లోపలినుంచి చూచి వ్రాసినవాడు అతడు. కూలివాడే రచయిత కావడం ఎంత లాభమో ఆ పుటలు చదివితే తెలుస్తుంది. ఐరిష్‌వారికి ఆ లాభం కలిగింది. టిటాగఢ్ తెలుగువారికి కలుగలేదు.

ఇక హుగ్లీకి రావాలి. హుగ్లీ తీరాన మొదటి జనపనార మిల్లు 1855లో రిష్రాలో వెలసినది. యంత్రాలు డండీవి. తరువాత వెలసిన మిల్లులకు దొరలూ, మేస్త్రీలూ కూడా డండీనుంచే వచ్చినారు. థామస్ డఫ్ కంపెనీవారి శామ్‌నగర్, టిటాగఢ్ మిల్లుల పెత్తనమంతా డండీ నగరానిదే. కలకత్తా వెళ్లి పెద్దజీతానికి మిల్లు పనిపెట్టి చూచే యువకులు ఆ ఊరిలో ఇంటికొకరు ఉండినారన్నా తప్పులేదు. వారు నిలబెట్టిన మిల్లులే ఇరవయ్యవ శతాబ్దం ప్రవేశించేసరికి డండీని వెనుకకు నెట్టినవి. తండ్రి డండీలో మగ్గం నడుపుతుండగా కొడుకు టిటాగఢ్‌లో ఆ మగ్గానికి పోటీమగ్గం నడిపించినట్లయింది. అక్కడి ఐరిష్ కూలిది, ఇక్కడి తెలుగు కూలిది యజమాని ఒకడే, నార ఒకటే. వారొకరినొకరు చూడలేదు. ఒకరి కూలి తగ్గడం మరొకరి కూలి తగ్గడానికి కారణమని మాత్రం ఇద్దరికీ చెప్పగల లెక్కలు కంపెనీ పుస్తకాలలో ఉన్నవి.

మొదట ఈ మిల్లులలో వంగదేశీయులే ఎక్కువ. 1906లో ఫోలీ అనే అధికారి వ్రాసిన నివేదికనాటికి, అంతకు ఇరవైఏండ్ల వెనుక అంతా బెంగాలీలే అయినచోట, బీహారు, సంయుక్తపరగణాలవారు నిండుకున్నారు. తెలుగువారి రాకకు తోవ చేసినది రైలు. అంతకుముందు భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవులలో ఓడ ఎక్కినవారికి ఓడ చూపిన దిక్కు ఎక్కువగా రంగూను. రంగం పోవడం ఉత్తరాంధ్రలో కుటుంబచరిత్రలన్నింటిలోనూ ఉన్న మాట. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గం బెజవాడనుంచి కటకం దాకా పడి, 1900 నాటికి హౌరాతో కలిసినది. అంతటితో సముద్రం దాటనవసరం లేని రంగమొకటి హుగ్లీ ఒడ్డున తెరుచుకున్నది. 1866 కరువును, 1888, 89 నాటి క్షామాన్ని చవిచూచిన గంజాం జిల్లా కూలివారికి, మూడవతరగతి టిక్కెట్టు ఒక్కటే అడ్డు. ఛత్తీసుగఢమువారికి కూడా బెంగాల్ నాగపూర్ రైల్వేయే తోవ అయినది. 1896, 97 లలోనూ 1899, 1900 లలోనూ పడిన రెండు మహాక్షామాలు వారిని ఆ తోవన తరిమినవి. తిల్దావంటి స్టేషన్లలో ధాన్యం ఎక్కకముందు మనుష్యులు ఎక్కినారు.

ఒక విషయం తెలుగు సాహిత్య చరిత్రకారులు గమనించదగినది. గురజాడవారి కన్యాశుల్కం మొదటి ముద్రణ 1897లో. విజయనగరం మీదుగా కొత్తగా కలకత్తా దిక్కుకు రైళ్లు నడవడం మొదలైన రోజులు అవే. ఆ నాటకపు జనం మాట్లాడే భాషకు పక్కవీధిలోనే ఉన్న భాష మాట్లాడుతూ కూలివాండ్రు ఆ రైళ్లు ఎక్కిపోయినారు. పర్లాకిమిడిలో కూర్చుండి గిడుగువారు సవరల నోటిమాట వ్రాసుకుంటున్న కాలం కూడా అదే. ఆ జిల్లాలోనే ఇంతటి మహాశ్రోత ఉన్నాడు. అయినా ఊరు విడిచిపోయిన వారి వెంట కాగితమూ కలమూ పోలేదు. ఇది ఆయన లోపమని అనడం కాదు. ఒక మనిషి ఎన్ని భాషలకని కాపలా కాయగలడు?

తెలుగువారిలోను బిలాసపురీలలోను ఒక విశేషమున్నది. బీహారునుంచి వచ్చిన మగవాండ్రు భార్యాపిల్లలను ఊరిలో పొలంవద్ద ఉంచి ఒంటిగా వచ్చినవారు. వీరు అట్లాకాక ఆడువారితోనే వచ్చినారు. ఆడువారుకూడా మిల్లులోనే పనిచేసినారు. ఊరిలో నిలుపుకోవడానికి పొలం లేకపోవడమే దీనికి హేతువు కావచ్చు. మిల్లులో తాంత్‌ఘర్ అనే నేతశాల మగవారిది, కూలి ఎక్కువ. ఆడువారికి దక్కినవి రెండు కొసలు. మొదటి కొసన నార విడదీసి మెత్తబరచే శాఖలు, దుమ్ముకు పుట్టిల్లు. చివరి కొసన సంచులు కుట్టే శాఖ. నేసి, ఇస్త్రీ చేసి, కొలతకు కోసిన గోనెగుడ్డకు మూతి అంచును యంత్రం మడిచి కుట్టేది. గుడ్డను మధ్యకు మడిచి రెండు పక్కలా కలిపి కుట్టడం చేతిపని. ఆడువారు నేలమీద బారులు తీరి కూర్చుండి పురికొస ఎక్కించిన దబ్బనంతో ఆ పక్కలు కుట్టుకొనిపోయేవారు. లెక్క నూరు సంచులకింత అని.

దబ్బనం తెలియని తెలుగిల్లు లేదు. ధాన్యం బస్తా మూతి కుట్టడం కళ్లంలో ప్రతి కూలివాడూ చేసేదే. అందుచేతనే కాబోలు ఆ పనిని నేర్చినదిగా ఎవరూ లెక్కించలేదు. మిల్లు పత్రాలలో నేతగాడు పనివాడు, కుట్టే ఆమె కూలిది. నిజానికి కళ్లంలో వారానికి పది బస్తాలు కుట్టడం వేరు, దినానికి వందలు కుట్టడం వేరు. కుట్టుకు కుట్టుకు దూరం సమంగా ఉండాలి. దూరమైతే గింజ రాలుతుంది, మరీ దగ్గరైతే గోనె చిరుగుతుంది. మూలవద్ద పురికొసను రెండుసార్లు వెనుకకు తిప్పి బిగించకపోతే హమాలీ కొక్కెం తగలగానే కుట్టంతా ఊడివస్తుంది. మేజోటి మడమవలెనే గోనె మూలకూడా నేర్చుకొన్న చేతికే నిలుస్తుంది. అరచేతిలో దబ్బనం మొదలు ఒత్తుకొన్నచోట కాయ కాచేది. ఇది ఎక్కడ నేర్చినావని అడిగితే, పక్కన కూర్చున్న ఆమె వద్ద అనే సమాధానం వచ్చి ఉంటుంది. మరొక పాఠశాల లేదు గనుక.

సంతలో ఎదురుపడని ఈ రెండు చేతిపనులు ఒక యుద్ధంలో ఎదురుపడినవి. 1914లో ఐరోపా యుద్ధం మొదలైన కొద్దివారాలకే ఇంగ్లండు రాణి మేరీ సైనికులకోసం 3 లక్షల జతల మేజోళ్లు కావలెనని స్త్రీలను కోరినది. తడిసిన మేజోళ్లతో కందకాలలో రోజులతరబడి నిలిచిన సైనికులకు పాదాలు కుళ్లిపోవడం ఒక పెద్దవ్యాధి అయినది; ఎండిన మేజోడు తుపాకిగుండుతో సమానమైన అవసరం. సామ్రాజ్యమంతటా ఆడువారు, ఐర్లండులో కూడా, సూదులు పట్టుకున్నారు. ఆ సైనికుడు మేజోడు తొడిగి నిలుచున్న కందకానికి గోడ ఏది? ఇసుకబస్తా. ఆ బస్తాలు కోటానుకోట్లుగా హుగ్లీ మిల్లులనుంచి ఓడలెక్కినవి. లోపల డానెగాల్ ఊలు, బయట టిటాగఢ్ గోనె. యుద్ధపు సంవత్సరాలలో మిల్లు వాటాదారులకు వచ్చిన లాభం లోకప్రసిద్ధం. కుట్టినవారి కూలి ఆ పాటికి పెరగకపోవడమూ అంత ప్రసిద్ధమే.

మేజోటి వేలికొసవద్ద కుట్టు కనబడకుండా కళ్లను కలిపే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ కుట్టుకు ఇంగ్లీషువారు యుద్ధమంత్రి కిచనర్ పేరు పెట్టుకున్నారు. అతడు ఐర్లండులోని కెర్రీ జిల్లాలో పుట్టినవాడే గాని, ఆ కుట్టు అతని చేతిది కాదని వేరే చెప్పనక్కరలేదు. మేజోటి కుట్టుకు సేనాని పేరైనా దక్కింది. గోనె పక్కకుట్టుకు ఏ పేరూ దక్కలేదు. తరువాత మిల్లులు హెరాకిల్ అనే కుట్టుయంత్రాన్ని తెచ్చినవి. ఆ పేరు మాత్రం సంచుల కొనుగోలు కాగితాలలో స్థిరపడినది. యంత్రానికి గ్రీకు వీరుని పేరు. దానికి ముందు ఆ పని చేసిన ఆడువారికి మద్రాసీ అనే పేరు.

ఆ ఆడువారిని గూర్చి ప్రభుత్వం అసలు వ్రాయలేదని కాదు. 1923లో డాక్టర్ డాగ్మార్ కర్జెల్ అనే వైద్యురాలు బంగాళపు పరిశ్రమలలో స్త్రీల పనిని గూర్చి ఒక నివేదిక సమర్పించినది. మిల్లు గదులలో తల్లులు పనిచేస్తుండగా చంటిబిడ్డలు గోనె కుప్పలమీద, యంత్రాలనడుమ పడుకొని ఉండే స్థితిని ఆనాటి నివేదికలు దాచలేదు. 1929లో విట్లీ అధ్యక్షతను ఏర్పడిన రాజకార్మిక సంఘం హుగ్లీ మిల్లులకు వచ్చి, టిటాగఢ్‌లో కూడా కూలివారిని విచారించినది. పని దొరకడానికి, దొరికినది నిలవడానికి సర్దారుకు లంచం పెట్టుకోవలసిన సంగతి ఆ సాక్ష్యాలలో మరల మరల వస్తుంది. 1931లో ఆ సంపుటాలు అచ్చయినవి. వాటికి విలువ చాలా ఉన్నది. అయితే ఆ అధికారులకు అన్నిటికన్న ఆసక్తి కలిగించిన విషయం మరొకటి. ఈ ఆడువారిలో ఎందరు వివాహితలు, ఎందరు కారు? పక్కగదిలో ఉన్న మగవాడు భర్తయా, కాడా? లైన్లలో ఒంటిగా బ్రతికే స్త్రీ అంటే అనుమానం దొరలకూ ఉన్నది, చుట్టుపక్కల భద్రలోకులకూ ఉన్నది. డండీలోనూ ఇంతే. టోపీలు, చేతితొడుగులు ధరించి మిల్లుకు వచ్చే నేతపని స్త్రీలు, శాలువ కప్పుకొని వచ్చే వడుకుపని ఐరిష్ స్త్రీలను కిందిచూపు చూచేవారు; పురుషుని సంపాదనమీద బ్రతకని ఆడది గట్టిగా నవ్వితే ఆ ఊరి పెద్దమనుషులు పత్రికలకు లేఖలు వ్రాసేవారు. రెండు ఊళ్లలోనూ కూలి ఆడువారిది, శీలపరీక్ష కూడా ఆడువారిదే.

అనువాదకులకు ఆసక్తి కలిగించవలసిన సంగతి ఇక్కడ ఉన్నది. టిటాగఢ్ కూలివారు చెప్పినది తమ తమ భాషలలో, విన్నది దుబాసీలు, అచ్చయినది ఇంగ్లీషు. ఎన్ని సంచులు, ఎంత కూలి, ఎంతమంది పిల్లలు అన్న అంకెలు ఆ దారిలో చెడకుండా వచ్చినవి. చెప్పిన తీరు రాలేదు. కోపంతో అన్నదా, నవ్వుతూ అన్నదా, సర్దారు గుమ్మంవద్ద నిలిచి ఉండగా భయపడి అన్నదా, ఏదీ తెలియదు. శ్రీకాకుళపు నోటిలో ఆ వాక్యం ఎట్లా విరిగి ఉంటుందో ఊహించగలవారికి ఆ ఇంగ్లీషు వాక్యం చదవడం బాధాకరమే.

భాష సంగతి ఐర్లండు కథలో మరింత చేదుగా ఉన్నది. 1831నుంచి ఆ దేశంలో పెట్టిన జాతీయ పాఠశాలలలో బోధన ఇంగ్లీషులోనే. బాలికలకు కుట్టు, అల్లిక కూడా పాఠాలైనవి. ఐరిష్ మాత్రమే మాట్లాడే తల్లివద్ద మేజోడు నేర్చిన పిల్ల, బడిలో ఆ మేజోటికే ఇంగ్లీషు మాటలు నేర్చినది. తన బిడ్డకు ఇంగ్లీషులోనే నేర్పినది. 1851లో ఐరిష్ భాష తెలిసినవారు సుమారు 15 లక్షలు. 1911 నాటికి 6 లక్షలకు లోపు. డండీ చేరినవారిలో చాలామంది అప్పటికే ఇంగ్లీషు మాట్లాడే జిల్లాలవారు గనుక ఈ నేరమంతా మిల్లుమీద మోపడం న్యాయం కాదు. భాషను చంపినది బడి, కరువు, అంగడి కలిసి. 1892లో డగ్లస్ హైడ్ ఈ నష్టాన్ని గూర్చి ప్రసిద్ధోపన్యాసం చేసినాడు; మరుసటి సంవత్సరం గేలిక్ సంఘం పుట్టినది. ఆ సంవత్సరమే ఆయన కానాక్ట్ సీమ ప్రేమగీతాలను అనువాదంతోసహా ప్రకటించినాడు. పేదల ఇండ్లలో మిగిలిన పాటను పండితుడు వచ్చి వ్రాసుకున్న తరువాతనే ఆ దేశపు కొత్తసాహిత్యానికి గొంతు వచ్చినదని చెప్పడం సాహసం కాదు.

మనవద్ద జానపద గేయసేకరణ తక్కువ జరుగలేదు. బిరుదురాజు రామరాజుగారి పరిశోధన గ్రంథరూపాన వచ్చిన తరువాత విశ్వవిద్యాలయాలు ఆ పనిని తలకెత్తుకున్నవి. దంపుళ్లపాట, నాట్లపాట, రోకటిపాట అన్నీ దొరికినవి. సేకరించినవారు ఎక్కువగా పల్లెలకే పోయినారు. పల్లెలో రోలువద్ద పాడిన స్త్రీ హుగ్లీ లైన్లకు పోయి దబ్బనం పట్టగానే మూగదైపోయిందని ఎవరూ అనుకోలేరు. నేలమీద బారులు తీరి చేతిపని చేసే ఆడువారు పాటలేకుండా పనిచేయడం మన దేశంలో అరుదు. డండీలో మగ్గాల హోరులో పాట వినబడదు గనుక ఆడువారు పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకోవడం నేర్చినారు. అది ఒక ప్రత్యేకభాషగానే పేరు పొందినది. ఆ మిల్లులలో పనిచేసిన మేరీ బ్రూక్స్‌బాంక్ ఒక పాట కట్టగా స్కాట్లండంతటా నేటికీ పాడుకుంటున్నారు. టిటాగఢ్ కుట్టుశాఖలో మగ్గపు హోరు అంత లేదు.

మిల్లులలో ఆడువారి కథ ముగిసిన తీరును క్లుప్తంగానే చెప్పవచ్చు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో హుగ్లీ మిల్లుల కూలివారిలో దాదాపు అయిదవవంతు స్త్రీలు. 1930లలో గిరాకీ పడిపోయినప్పుడు తొలగింపులు వారితో మొదలైనవి. రాత్రిపని నిషేధం, 1939 నాటి బంగాళపు ప్రసూతి చట్టం స్త్రీల మేలుకు వచ్చినవే. స్త్రీని పెట్టుకొంటే ఖర్చని యాజమాన్యాలకు సాకు కూడా అవే అయినవి. దాని వెనుక యంత్రపు కుట్టు వచ్చినది. శతాబ్దం చివరకు మిల్లులలో ఆడువారు వందకు ఇద్దరో ముగ్గురో. డండీలో అసలు మిల్లే మిగలలేదు. 1999లో చివరిది మూతపడినది.

తెలుగువారు మాత్రం టిటాగఢ్‌లో, కాంకినారాలో, రిష్రాలో, భద్రేశ్వరంలో ఉండిపోయినారు. 1936లో ఒడిస్సా ఏర్పడి గంజాం జిల్లా రెండుగా చీలినప్పుడు గిడుగువారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం వచ్చినారు. హుగ్లీ లైన్లలోని గంజాంవారికి ఆ చీలిక మరొకరకంగా తగిలినది. తాము విడిచివచ్చిన ఊరు ఏ రాష్ట్రానిదో ఉత్తరంమీద కొత్తగా వ్రాయడం నేర్చుకోవలసివచ్చినది. 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయినది. టిటాగఢ్‌లో తెలుగు మాధ్యమపు బడి వెలసినది. 2020 డిసెంబరులో పశ్చిమబంగాళ మంత్రివర్గం తెలుగును ఆ రాష్ట్రపు అధికారభాషలలో చేర్చడానికి నిర్ణయించినది. దానికి ఖడగపురం రైల్వే తెలుగువారి సంఖ్యాబలమే ముఖ్యకారణం. రైల్వే కార్ఖానావారికి ఉద్యోగం ఉన్నది, సంఘాలున్నవి, అర్జీలు వ్రాసే అలవాటున్నది. నారమిల్లువారికి ఇవి తక్కువ.

డండీవారు 1980లలో మిల్లులలో పనిచేసిన వృద్ధస్త్రీల జ్ఞాపకాలను వారి మాటలలోనే ధ్వనిముద్రణ చేసి భద్రపరచినారు. ఒక పాత మిల్లును పదర్శనశాలగా మార్చినారు. అక్కడ నారను మెత్తబరచిన తీరు, మగ్గం నడిచిన తీరు మాత్రమే కాక, పెదవుల భాష ఎట్లా ఉండేదో కూడా తెలుసుకోవచ్చు. టిటాగఢ్‌లో చేతితో సంచులు కుట్టిన తెలుగు స్త్రీలలో ఇంకా ఉన్నవారు ముదుసలులు. వారిని అడగవలసినది కూలి లెక్కలు కాదు. అవి కంపెనీ పుస్తకాలలో దొరుకుతవి. పక్కకుట్టును, మూలముడిని వారు ఏ మాటతో పిలిచేవారు, నూరు సంచుల కట్టను ఏమనేవారు, సర్దారుకు చాటున పెట్టుకున్న పేరేది, బారులో మొదట పాట ఎత్తేది ఎవరు, ఆ మాటలలో శ్రీకాకుళానివి ఎన్ని, బిలాసపురీలవద్ద నేర్చినవి ఎన్ని.